ఎడం

నా గడ్డం మీద కుడిపక్కన ఏడు మచ్చలున్నాయి. ఇప్పుడైతే మంచి వెలుతురులో దగ్గరకొచ్చి చూస్తే తప్ప కనపడవు గానీ, 2014లో అవి మినపగింజల్లా నల్లగా, విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా ఉండేవి. నేనూ లెక్కపెట్టేదాన్ని, రోజూ పొద్దున్నే హాస్టల్ బాత్రూం అద్దంలో.

అప్పుడు హైదరాబాదులో పిహెచ్.డి. చేస్తున్నాను. ప్రబంధాల్లో స్త్రీ అంగాంగ వర్ణన నా అంశం. పగలంతా లైబ్రరీలో కూచుని, కవులు ఆడదాని ఒంటిని నఖశిఖ పర్యంతం ఎట్లా ముక్కలు చేసి చూశారో నోట్సు రాసుకునేదాన్ని. సాయంత్రం గదికొచ్చి తలుపేసుకుని ప్లక్కర్‌తో గడ్డం కింద వెంట్రుకలు పీక్కునేదాన్ని. ఈ రెండు పనులూ చేసేది ఒకే మనిషని ఎవరికీ తెలియకుండా చాలా జాగ్రత్తపడ్డాను. స్త్రీల శరీరం మీద స్త్రీలకే హక్కుండాలని సభల్లో మాట్లాడేటప్పుడు కూడా చున్నీ మెడ చుట్టూ కాస్త పైకి లాక్కుని మాట్లాడేదాన్ని. పీసీఓడీ అని డాక్టరు చెప్పి అప్పటికి మూడేళ్ళు. గడ్డం అంటే మన భాషలో ఆ చోటూ, అక్కడ మొలిచేదీ కూడా. ఆడవాళ్ళ విషయంలో మాత్రం మొదటి అర్థమే చెల్లుబాటవుతుంది.

ఆ జనవరిలో తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఉగాది దాటాక పెళ్ళిచూపులన్నది. “ఈలోగా ఆ గడ్డం సంగతేదో చూసుకో తల్లీ, నేనెవరికీ చెప్పలేదు,” అని గొంతు తగ్గించి చెప్పింది. ఒక పార్లర్‌కి వెళ్ళాను. ఎలక్ట్రాలిసిస్ చేయించుకుంటే నెలలో అంతా శుభ్రమైపోతుందనీ, మళ్ళీ జన్మలో రాదనీ అక్కడి అమ్మాయి నమ్మకంగా చెప్పింది. ఐదు రోజులకోసారి, మూడుసార్లు, ఒకే చోట చేశారు. మొదటిసారి ఎర్రగా వాచి మర్నాటికి తగ్గింది. మూడోరోజుకి పక్కులు కట్టాయి. ఐదోరోజు ఆ పక్కుల పక్కనే మళ్ళీ సూది దిగింది. మూడోసారికి పక్కులు బాగా దళసరిగా కట్టాయి. శివరాత్రికి ఇంటికి వెళ్తే అమ్మ చూసి నొచ్చుకుని, సెనగపిండీ పసుపూ మీగడా కలిపి నలుగు పెట్టింది. చిన్నప్పుడు నా నుదుటిమీద నూగు పోవాలని పిండిముద్దతో ఎట్లా రుద్దిందో అంత ప్రేమగానే రుద్దింది. పక్కులన్నీ ఊడొచ్చాయి. కింద గులాబీరంగు చర్మం బయటపడింది, వారం తిరిగేసరికి అది నల్లబడింది.

పెళ్ళిచూపులకొచ్చిన ఆవిడ నా మొహంకేసి చూసి, “ఈ మధ్య అమ్మాయికి ఆటలమ్మ గానీ పోసిందా వదినగారూ?” అని అమ్మనడిగింది. ఆ సంబంధం కుదరలేదు. దానికి నేను బాధపడలేదు, మచ్చలకే బాధపడ్డాను. స్త్రీవాదినై ఉండీ మచ్చలకి బాధపడుతున్నందుకు ఇంకొంచెం బాధపడ్డాను.

ఆ తర్వాత ఒక చర్మవైద్యుడి క్లినిక్‌లో, వెనకగదిలో ఎలక్ట్రాలిసిస్ చేసే ఒకావిడ దగ్గరకి వెళ్ళాను. అరవై దాటి ఉంటాయి. గుండ్రటి భూతద్దం బిగించిన లైటు నా మొహం మీదకి లాగి చాలాసేపు చూసింది. ఎన్నిరోజులకోసారి చేశారని అడిగింది. చెప్పాను. “పైచర్మమే మానలేదు, లోపలెట్లా మానుతుందమ్మా? నేనిప్పుడు ముట్టుకోను. ఎండ తగలకుండా చూసుకుని మూడు నెలలాగి రా. వెంట్రుకలు కత్తిరించుకో గానీ పీక్కోకు,” అంది. డబ్బులు తీసుకోలేదు. నా ఒంటి గురించి నాకంటే అందరూ తొందరపడుతున్న రోజుల్లో ఆగమని చెప్పిన మొదటి మనిషి ఆవిడ. ఆ ఆగడం అనేది ఎక్కడ్నించి వచ్చింది, ఎవరు ఎప్పుడు నేర్చుకున్నారు అని వెతకడం అట్లా మొదలయింది. నా సిద్ధాంత వ్యాసం పూర్తయినా ఈ వెతుకులాట మాత్రం పూర్తవలేదు.

అసలు కథ గడ్డం దగ్గర కాదు, కంటిరెప్ప దగ్గర మొదలయింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరుండేవాడు. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డుని గీరే జబ్బుతో జనం ఆయన దగ్గరకి వచ్చేవాళ్ళు. ఆ వెంట్రుకల్ని పీకితే మళ్ళీ మొలిచి మళ్ళీ గీరేవి. మిషెల్ సన్నటి సూదిని బ్యాటరీ రుణధ్రువానికి కలిపి, వెంట్రుక మొలిచిన దారిలోనే దాని కుదురుదాకా దించి కరెంటు పంపాడు. వెంట్రుక సులువుగా ఊడొచ్చింది, తిరిగి మొలవలేదు. 1875లో ఈ పద్ధతిని అచ్చువేయించాడు.

సూది కొసన జరిగేది మనం ఇంటర్మీడియెట్ కెమిస్ట్రీలో చదువుకున్నదే. ఒంట్లో ఉన్నది ఉప్పునీళ్ళు కదా, వాటిలోకి డైరెక్ట్ కరెంటు పోతే రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తాయి, సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా పుడుతుంది. ఆ సోడా వెంట్రుక కుదురుని లోపల్లోపలే కరిగించేస్తుంది. ఎంత సోడా పుట్టాలన్నది ఎంత కరెంటు ఎంతసేపు పంపారన్న దానిమీద ఆధారపడుతుంది. అంటే, ఎలక్ట్రాలిసిస్ అనేది కావాలని, కొలతపెట్టి చేసే ఒక చిన్న కాలినగాయం. అది పైకి కనపడదు, చర్మం అడుగున ఉంటుంది. తర్వాత నూట యాభై ఏళ్ళ తంటా అంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది. పైన ఎరుపు పోయినంతమాత్రాన అడుగున గాయం మానినట్టు కాదు.

రెప్ప మీంచి గడ్డం మీదకి దిగడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అదే సెయింట్ లూయిస్‌లో విలియం హార్డవే అనే చర్మవైద్యుడు 1870ల చివరికల్లా ఈ సూదిని ఆడవాళ్ళ మొహాలమీద వెంట్రుకలు తీయడానికి వాడటం మొదలుపెట్టాడు. ఆ కాలాన్ని గమనించండి. మనుషుల ఒంటిమీద జుట్టు తగ్గిపోవడానికి లైంగిక వరణం కారణమని డార్విన్ ‘డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో వాదించింది 1871లో. అమెరికన్ చర్మవైద్యుల సంఘం పుట్టింది 1876లో. కొత్తగా ఏర్పడ్డ వైద్యశాఖకి రోగులు కావాలి. జ్వరం లేదు, నొప్పి లేదు, ప్రాణభయం అసలే లేదు, అయినా ఆడవాళ్ళ మొహం మీద వెంట్రుకకి ‘హైపర్‌ట్రైకోసిస్’ అని ఒక జబ్బుపేరు స్థిరపడింది. వెంట్రుక తక్కువున్నవాళ్ళు పరిణామంలో ముందున్నారనీ, ఎక్కువున్నవాళ్ళు వెనకబడ్డారనీ అప్పటి పండితులు అల్లిన కథకి ఈ జబ్బుపేరు చక్కగా సరిపోయింది.

ఇదంతా పడమటి పైత్యం అని మనం చేతులు దులుపుకోడానికి లేదు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఎటువంటి పిల్లని చేసుకోకూడదో చెప్పే పట్టీ ఉంది. ఒంటిమీద రోమాలు అసలు లేనిదీ వద్దు, మరీ ఎక్కువున్నదీ వద్దు. ఎన్నుంటే సరిపోతాయో మాత్రం ఆయన చెప్పలేదు! నేను చదువుకున్న ప్రబంధ కవులు మరో పక్క. వాళ్ళకి నూగారంటే ప్రాణం. నాభి నుంచి పైకి పాకే ఆ సన్నటి నూగుని చీమలబారనీ, తుమ్మెదలబారనీ పోల్చి పోల్చి అలిసిపోలేదు. అదే నూగు నాలుగు జానలు పైకెక్కి పైపెదవి మీదో గడ్డం మీదో కనిపిస్తే కవి నోరు పడిపోతుంది. అక్కడ సామెత అందుకుంటుంది, అత్తకు మీసాలొస్తే మామ అని. నా సిద్ధాంత వ్యాసంలో నూగారు మీద పదహారు పేజీలు రాశాను. వాటిని రాస్తున్న రోజుల్లోనే పార్లర్‌కి అడ్వాన్సు కట్టాను.

సూదికథ దగ్గరకి వస్తాను. న్యూయార్కు చర్మవైద్యుడు జార్జ్ హెన్రీ ఫాక్స్ 1886లో ఈ పద్ధతి మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఆ రోజుల్లో ఒక్కో వెంట్రుకకి అర నిమిషం నుంచి నిమిషం పైన పట్టేది. ఒక్క విడతలో కొన్ని పదుల వెంట్రుకలకంటే తీయలేరు. గడ్డం మీద వందలుంటాయి. కాబట్టి ఇది మొదట్నించీ ఓపికతోనూ డబ్బుతోనూ ముడిపడిన వ్యవహారం. ఆ తొలితరం డాక్టర్లు ఒక సంగతి త్వరలోనే పట్టుకున్నారు: పక్కపక్కనే ఉన్న వెంట్రుకల్ని ఒకే విడతలో తీయకూడదు. తీస్తే ఆ చిన్నచిన్న గాయాలు ఒకదాంట్లోకి ఒకటి కలిసి పెద్ద గాయమై మచ్చ పడుతుంది. అక్కడొకటీ ఇక్కడొకటీ ఏరి తీయాలి. మిగిలినవాటి కోసం మరోసారి రావాలి.

మనకి దీనికో మంచి మాటుంది. నారు నాటేటప్పుడు మొక్కకీ మొక్కకీ మధ్య వదిలే జాగాని ఎడం అంటాం. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఉండాలంటాం, అది కాలం. చోటుకీ కాలానికీ ఒకే మాట. సూదిపనిలో కూడా ఈ రెండు ఎడాలూ ఒకటే. చోటులో ఎడం ఇస్తే కాలంలో కాస్త దగ్గరగా రావచ్చు. ఈ వారం కుడిపక్క, వచ్చేవారం ఎడమపక్క. అదే చోటికి మళ్ళీ రావాలంటే మాత్రం కాలాన్నే వదలాలి. నాకు చేసిన పార్లర్‌లో ఈ రెండిట్లో ఏదీ వదల్లేదు.

ఎంత వదలాలి? దీనికి జవాబు సగం చర్మం దగ్గరుంది, సగం వెంట్రుక దగ్గరుంది. వెంట్రుకలో ఉన్న సగాన్ని కొలిచినవాళ్ళలో ఒక స్త్రీ ఉంది, ఆమె కూడా సెయింట్ లూయిస్‌లోనే. మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1899లో పుట్టింది. వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యకళాశాలలో పరిశోధనకి చేరింది. స్త్రీల మొహాల మీద వెంట్రుకల సంగతేదో తేల్చమని పేరు చెప్పని ఒక దాత ఆ కళాశాలకి డబ్బిచ్చారు. ఆ డబ్బుతోనే ట్రాటర్ పని సాగింది. 1924లో డాక్టరేటు వచ్చింది. ఒంటిమీద వేర్వేరు చోట్ల వెంట్రుక ఎన్నాళ్ళు పెరుగుతుంది, ఎన్నాళ్ళు ఆగుతుంది, ఎప్పుడు రాలిపోతుంది అని లెక్కగట్టి అదే ఏడు అచ్చువేసింది. గీసుకుంటే వెంట్రుక మందంగా వస్తుందనే నమ్మకం మన పెద్దమ్మలకే కాదు, అక్కడివాళ్ళకీ ఉండేది. అది నిజం కాదని 1928లో కొలిచి చూపించింది. దాదాపు నూరేళ్ళయింది. మొన్నటికి మొన్న మా పక్కింటావిడ అదే మాట నాకు మళ్ళీ చెప్పింది.

ట్రాటర్ గురించి చదివిన రోజు నేను చాలాసేపు లైబ్రరీలోంచి లేవలేదు. తర్వాత ఆవిడ ఎముకల మీద పనిచేసింది, రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల అస్థికలనుంచి వాళ్ళ ఎత్తు కనిపెట్టే సూత్రాలు తయారుచేసింది. లోకం ఆవిడని దానికే గుర్తుపెట్టుకుంది. 1946లో ఆ వైద్యకళాశాలలో పూర్తి ప్రొఫెసరైన మొదటి స్త్రీ. మొదటి పని మాత్రం ఎవరి కోసమో పేరు చెప్పడానికి కూడా సిగ్గుపడ్డ డబ్బుతో చేసింది.

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవన్నది ఈ విషయంలో కీలకం. ఏ రోజు చూసినా కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని ఆగి ఉంటాయి, కొన్ని చర్మం కింద నిద్రపోతుంటాయి. సూది బాగా పనిచేసేది పెరుగుతున్న వెంట్రుకల మీద. ఇవాళ గడ్డం నున్నగా చేసినా నాలుగు వారాలకో ఆరు వారాలకో రెండో జట్టు లేస్తుంది. చేసినవాళ్ళు మోసం చేశారని మనం అనుకుంటాం. అవి పాతవి కావు, ఇంతకుముందు సూది తగలనివి. ఐదు రోజులకోసారి పొడిచినంతమాత్రాన నిద్రపోయేవి లేచి రావు. అంటే నా గడ్డం మీద రెండోసారీ మూడోసారీ పెట్టిన సూదులకి గాయం చేయడం తప్ప పెద్దగా పనేం లేదు. ఈ ముక్క అర్థమైన రోజు నాకొచ్చిన కోపం పార్లర్ అమ్మాయి మీద కాదు. పనికి చేరేముందు ఆ పిల్లకి ఈ రెండు వాక్యాలు ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ మొదటివారంలోగా అని గడువు పెట్టుకుని వెళ్ళింది నేను.

గడువు పెట్టుకున్న ఆడవాళ్ళకి చరిత్రలో నాకంటే ఘోరమైనవి జరిగాయి. ఎక్స్‌రే కనిపెట్టింది 1895 చివర్లో. మరుసటి ఏడాదే వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయింట్ అనే డాక్టరు ఒక చిన్నపిల్ల వీపుమీది వెంట్రుకల మచ్చకి దాన్ని పెట్టి చూశాడు, వెంట్రుకలు రాలాయి. 1920ల మధ్యకల్లా న్యూయార్కులో ఆల్బర్ట్ గైజర్ అనే డాక్టరు ‘ట్రైకో’ అనే యంత్రం తయారుచేసి సౌందర్యశాలలకి అద్దెకిచ్చాడు. సూది లేదు, నొప్పి లేదు. పెట్టె ముందు మొహం పెట్టి కొన్ని నిమిషాలు కూచుంటే చాలు. ఇట్లా కొన్ని విడతలు. ఆడవాళ్ళు వేలల్లో వెళ్ళారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దుమ్మెత్తిపోసి, 1930 ప్రాంతాల్లో ఆ వ్యాపారం మూతబడే నాటికి ఆలస్యమైపోయింది. ముడతలు, మానని పుళ్ళు, ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత క్యాన్సర్లు. రేడియేషన్ వల్ల స్త్రీలకొచ్చిన క్యాన్సర్లలో మూడోవంతుకి పైగా ఈ వెంట్రుకల ఎక్స్‌రేల వల్లనే వచ్చినట్టు 1970లో ఒక పరిశీలన తేల్చిందని చరిత్రకారిణి రెబెకా హెర్జిగ్ తన 1999 నాటి వ్యాసంలో రాసింది. అణుబాంబుకి కాలిపోయి చికిత్స కోసం 1955లో అమెరికా తీసుకురాబడ్డ యువతుల్ని హిరోషిమా కన్యలనేవారు. ఈ సౌందర్యశాలల బాధితుల్ని డాక్టర్లు ఉత్తర అమెరికా హిరోషిమా కన్యలన్నారు.

నాకు ఇక్కడ ఒకటి తోస్తుంది. సూది గాయం గంటలోనే కనిపిస్తుంది. ఎర్రబడుతుంది, వాస్తుంది, పక్కు కడుతుంది, ఇక ఆపు అని చెబుతుంది. ఎక్స్‌రే గాయం ఏమీ చెప్పదు. ఈ విడతకీ ఆ విడతకీ మధ్య చర్మం నున్నగా, తెల్లగా నవ్వుతూ ఉంటుంది. ఎడం ఎంత ఇవ్వాలో చెప్పే గుర్తేదీ లేదు. అందుకే ఆ ఆడవాళ్ళు సంతోషంగా మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. నొప్పిలేకపోవడమే ఆ యంత్రంలోని మోసం అని నేననుకుంటాను.

కోరెమ్లు అనే క్రీము సంగతీ ఇంతే. అందులో ఉన్నది థాలియం, ఎలుకల మందులో వాడిన విషం. రాసుకుంటే మొహం మీదే కాదు, తలమీద జుట్టూ రాలేది. నరాలు చచ్చుబడ్డాయి, కొందరికి చూపు దెబ్బతింది. కేసులకి తట్టుకోలేక 1932లో ఆ కంపెనీ దివాలా తీసింది. సౌందర్యసాధనాల్ని కూడా అమెరికా ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన 1938 చట్టం వెనక ఇటువంటి ఆడవాళ్ళ గోడు ఉంది.

సూది మాత్రం మెల్లమెల్లగా బతికింది. వేగం పెంచడానికి 1916లో పాల్ క్రీ ఒకేసారి చాలా సూదులు పెట్టే పద్ధతి తెచ్చాడు. 1924లో ఫ్రాన్సులో ఆంరి బోర్డియే సోడాకి బదులు హైఫ్రీక్వెన్సీ కరెంటుతో వేడి పుట్టించి కుదురుని కాల్చాడు. దాంతో నిమిషం పట్టేది క్షణాల్లోకి వచ్చింది. హెన్రీ సెయింట్ పియర్, ఆర్థర్ హింకెల్ కలిసి ఆ రెండిటినీ ఒకే సూదిలో కలిపారు. వేడి తగిలిన సోడా మరింత చురుగ్గా పనిచేస్తుంది. దానికి 1948లో పేటెంటు వచ్చింది, బ్లెండ్ అంటారు. యంత్రాలు ఎన్ని మారినా చర్మం మానే వేగం మాత్రం మారలేదు. ఇంకోటి, డాక్టర్లకి ఈ నెమ్మదిపని విసుగు పుట్టి వదిలేశారు. అది ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది. పక్కు కట్టిన తీరుని బట్టి కరెంటు ఎక్కువైందో సూది లోతు తప్పిందో చెప్పగలిగేది పుస్తకం చదివినవాళ్ళకంటే వేళ్ళతో నేర్చుకున్న ఈ ఆడవాళ్ళే.

అయితే ఆ పుస్తకాల్లో ఉన్న చర్మం నాది కాదు. తొలినాటి ఆ గ్రంథాలు రాసింది తెల్ల చర్మాన్ని చూసి. తెల్ల చర్మం మీద ఎరుపు మిగిలితే మన చర్మం మీద నలుపు మిగులుతుంది. గాయమైన చోట మనకి మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది, కొంత కింది పొరలోకి జారి అక్కడే ఉండిపోతుంది. అది పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. చర్మపు రంగుల్ని తరగతులుగా విడదీసి ఫిట్జ్‌పాట్రిక్ ఒక కొలమానం పెట్టింది 1975లో, మిషెల్ సూదికి సరిగ్గా నూరేళ్ళకి. మొదట అందులో ఉన్నవి తెల్లచర్మపు తరగతులే. గోధుమరంగుకీ నలుపుకీ చోటు తర్వాత కలిపారు. ఒంటిమీద ఎన్ని వెంట్రుకలుంటే ఎక్కువో చెప్పే ఫెరిమన్-గాల్వే లెక్క 1961లో తయారయింది ఇంగ్లండులో. నాకు పీసీఓడీ అని తేల్చిన డాక్టరు నా ఒంటికి మార్కులు వేసింది ఆ లెక్కతోనే. పీజీలో కూడా నాకంత శ్రద్ధగా ఎవరూ మార్కులు వేయలేదు.

మూడు నెలలాగి ఆవిడ దగ్గరకి మళ్ళీ వెళ్ళాను. మొదట చెవికింద, ఎవరికీ కనపడని చోట, ఎడంఎడంగా ఐదే ఐదు వెంట్రుకలు తీసి పంపేసింది. రెండు వారాల తర్వాత అక్కడ ఎట్లా మానిందో చూసి గానీ గడ్డం ముట్టుకోలేదు. మొదటి రెండు నెలలూ పది పదిహేను రోజులకోసారి రమ్మనేది, వెళ్ళిన ప్రతిసారీ వేరే చోట. తర్వాత నెలకోసారి, తర్వాత ఆరు వారాలకి, ఆ తర్వాత రెండు నెలలకి. సూది ఎవరికి వారిది, నాది నా పేరు రాసిన కవర్లోంచి తీసేది, ఒకసారి వాడింది పారేసేది. మర్నాటిదాకా మేకప్ వద్దు, వేడినీళ్ళు వద్దు, నలుగు అసలే వద్దు. పక్కు దానంతటది రాలాలి. కొన్ని మూడోరోజుకి రాలేవి, కొన్ని పదిరోజులున్నాయి. అప్పుడు కూడా ఆవిడ పైన రాలిందని తృప్తిపడేది కాదు. వేలితో నొక్కి, “ఇంకా కింద గట్టిగా ఉంది,” అనేది. మొత్తం ఏడాదిన్నర పట్టింది.

ఆ గది బయట బెంచీ మీద నాతోపాటు కూచునేవాళ్ళలో ఒక ట్రాన్స్ స్త్రీ ఉండేది. ఆమెకి నాలాగ ఒక మూల కాదు, మొహమంతా తీయించుకోవాలి. వందల గంటల పని. చేయించుకోడానికి రెండు మూడు రోజుల ముందు గీసుకోడం ఆపాలి, సూది పట్టేంత వెంట్రుక పైకి రావాలి కదా. ఆ రెండు మూడు రోజులూ ఆఫీసుకీ ఆ గెడ్డంతోనే వెళ్ళాలి. చిన్నప్పుడు తన పెద్దలు చిమ్టాతో ఒక్కొక్కటే పీక్కునేవాళ్ళని చెప్పింది. “నీకు ఏడు మచ్చలేగా అక్కా,” అని నవ్వింది ఒకరోజు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్త్రీగా కనపడ్డానికి వెంట్రుక తీసేయాలన్న ఒత్తిడిని విమర్శిస్తూ నేను వ్యాసం రాయగలను. ఆమెకి ఆ ఒక్క సంగతి మీద బస్సెక్కగలగడం, ఇల్లు అద్దెకి దొరకడం ఆధారపడి ఉన్నాయి. నా విమర్శ తప్పని కాదు. ఆ బెంచీ మీద దాన్ని పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు.

ఎందుకు చేయించుకున్నావని మిత్రులు అడుగుతారు, ఇప్పుడు చున్నీ కిందకి దించాను కాబట్టి. పెళ్ళిచూపుల కోసం మొదలుపెట్టాను, అది నిజం. ఆ సంబంధం పోయాక కూడా ఏడాదిన్నర వెళ్ళాను, అదీ నిజం. రెండోదానికి సరైన జవాబు నా దగ్గరింకా లేదు.

మొన్న దసరాకి ఇంటికి వెళ్ళాను. అమ్మకిప్పుడు అరవై నాలుగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో మంచం మీద కూచుని, “నీ దగ్గర ఆ ప్లక్కరుందా?” అంది. గడ్డం కింద నాలుగు తెల్ల వెంట్రుకలు, ముళ్ళలాగా. ముట్లాగిపోయాక చాలామందికి వస్తాయని చెప్పాను. అవి తెల్లవి కాబట్టి లేజరుకి దొరకవు, సూదికైతే దొరుకుతాయని కూడా చెప్పాను. సూది మాట వినగానే అమ్మ నా మొహంకేసి, కుడిపక్కకి చూసింది. పదేళ్ళుగా ఆ నలుగు సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

“అప్పుడు నేను రుద్దకుండా ఉండాల్సింది కదే,” అంది.

“నీకెట్లా తెలుస్తుందమ్మా, నాకే తెలీదు.”

ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని నాలుగూ తీశాను. మూడోదానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబ్బా అంది. తీశాక తడుముకుని చూసుకుని, మళ్ళీ ఎన్నాళ్ళకొస్తాయని అడిగింది.

“నెలన్నరకో, రెండు నెలలకో.”

“సంక్రాంతికి వస్తావుగా. అప్పుడు చూద్దాంలే,” అని లేచి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.